కుదుళ్ళతో సహా ముప్పై వెంట్రుకలు

కొట్టం పక్క గది,
బొత్తాంకి నాలుగో నెల

పిచ్చుకా,

నేను పంపిన మొదటి కవరు తిప్పి పంపుతూ, "ఇవి కత్తెరతో కోసిన వెంట్రుకలు, పనికిరావు, కుదుళ్ళతో సహా పీకినవి ముప్పై కావాలి" అని మీ ల్యాబు వాళ్ళు ఒక అచ్చు కాగితం జతచేశారు. కింద సంతకం చూస్తే నీది. సొంత మేనత్తకి అచ్చు కాగితం పంపడానికి నీకు చేతులెలా వచ్చాయే? పక్కన చేత్తో ఒక్క ముక్క రాస్తే ఉద్యోగం ఊడిపోతుందా?

సరే, ఈసారి పీకాను. ముప్పై అడిగావు, ముప్పై నాలుగు పెట్టాను. జూలు మొదట్లోంచి లాగి, టేపు వేసి, పైన "దొర, మగ గుర్రం, పద్నాలుగేళ్ళు, నలుపు" అని రాశాను. ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. ఎలాగూ కవరు వస్తోంది కాబట్టి ఉత్తరం కూడా అందులోనే ఎక్కి వస్తుంది.

ఈ పరీక్ష నా కోరిక కాదు. పొట్టి గుర్రాల పెంపకందార్ల సంఘం వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. మరుగుజ్జు పిల్లల్ని పుట్టించే జబ్బు రక్తంలో ఉందో లేదో తేల్చిన కాగితం చూపించకపోతే మగ గుర్రాన్ని రిజిస్టరులోంచి తీసేస్తారట. నా గుర్రాలు నా నడుము దాటవు, వాటికి మళ్ళీ మరుగుజ్జుతనం ఏమిటని సంఘం కార్యదర్శిని అడిగాను. ఆయన నవ్వలేదు. పొట్టిగా పుట్టడం వేరు, వంకరగా పుట్టడం వేరు అన్నాడు. ఆ సంగతి నాకు చెబుతాడా!

బొత్తాం గుర్తుంది కదా, నుదుట బొత్తాం అంత తెల్ల మచ్చ ఉండే నల్లది. ఎనిమిదేళ్ళ కిందట దానికి వంకర కాళ్ళతో పిల్ల పుట్టింది, బూజుపట్టిన ఎండుగడ్డి తిన్నందువల్ల. ఆ గడ్డి వేసింది మీ నాన్న. ఆ మాట నేను వాడి మొహం మీదే అన్నాను. వాడు కొట్టం వదిలి పట్నంలో తాళాల షాపు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. ఇదంతా నువ్వు ఎరిగినదే. ఆ తర్వాత అదే దొరకి, అదే బొత్తాంకి మూడు పిల్లలు పుట్టాయి. మూడూ చూడచక్కనివి. రక్తంలో జబ్బుంటే అలా పుడతాయా? ఇప్పుడు మళ్ళీ చూడితో ఉంది.

దొర మంచివాడని కాగితం తొందరగా పంపు. ఈ ఉత్తరం సంగతి మీ నాన్న చెవిన వేయకు.

అత్తయ్య


ల్యాబు, రెండో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అత్తా,

చేత్తోనే రాస్తున్నా, చూసుకో. పెన్ను కూడా నాదే.

ముందు పొగడ్త. ముప్పై నాలుగు వెంట్రుకలకీ కుదుళ్ళున్నాయి, టేపు ఎక్కడా ముడత పడలేదు. మా మేడం ఆ కాగితాన్ని అందరికీ చూపించి, "శాంపిల్ పంపడమంటే ఇలా ఉండాలి" అంది. మా అత్తయ్య పంపింది మేడం అని మురిసిపోయాను. ఆ మురిపెం గంటన్నర నిలిచింది.

అత్తా, ఆ వెంట్రుకలు దొరవి కావు.

ఇక్కడ అసలు పరీక్ష చేసే ముందు ప్రతి శాంపిల్‌నీ ఆడదా మగదా అని చూస్తాం. ఒక కవరు ఇంకో కవరుతో కలిసిపోకుండా అదొక జాగ్రత్త. దొర పేరుతో వచ్చినవి ఆడ గుర్రం వెంట్రుకలు. నీ కొట్టంలో నల్లవి రెండే ఉన్నాయి కాబట్టి నేను పెద్దగా బుర్ర పెట్టాల్సిన పని లేకపోయింది. నీకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్రం బొత్తాం. దాని జూలు పీకి దొర పేరు రాశావు. వెంట్రుక ఆడా మగా చెప్పేస్తుందని నీకు తెలిసి ఉండదు.

రెండో సంగతి రాయడానికి ఇప్పుడే లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. ఏ ప్రాణికైనా ఒక్కో లక్షణం జంటగా వస్తుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. జంటలో రెండూ చెడ్డవైతేనే పిల్ల వంకరగా పుడుతుంది. ఒకటే చెడ్డదైతే ఆ గుర్రానికి ఏమీ కాదు, నిక్షేపంగా ఉంటుంది, కాకపోతే ఆ చెడ్డదాన్ని పిల్లలకి అందించగలదు. అలాంటి గుర్రాన్ని మేము క్యారియర్ అంటాం. నువ్వు నమ్మి పంపిన బొత్తాం క్యారియర్.

దాని కడుపులో పిల్ల ఉంది. దాని తండ్రి దొర. కాబట్టి ఇప్పుడు దొర సంగతి సంఘానికి కాదు, మనకే తెలియాలి. శాంపిల్ తారుమారైంది, మళ్ళీ తెప్పిస్తానని మేడంకి చెప్పాను. ఎవరు మార్చారని ఆవిడ అడగలేదు. అడిగితే మాత్రం చెబుతాను. అందులో మొహమాటం లేదు.

నిజంగా దొరవి పంపు అత్తా. నాన్నకి చెప్పలేదు.

నీ పిచ్చుక


కొట్టం పక్క గది,
బొత్తాంకి అయిదో నెల

పిచ్చుకా,

కొట్టంలో గాలి వీస్తుంది. గాలికి వెంట్రుకలు ఎగురుతాయి. ఎగిరి కలిసిపోతాయి. అంతే జరిగింది.

నిన్ను నా చేతులతో గుర్రమెక్కించాను. కళ్ళెం పట్టుకోవడం నేర్పాను. ఆ చేతుల్నే ఇవాళ దొంగ చేతులంటావా? చదువు నీ నోటికి బాగానే పదును పెట్టింది.

బొత్తాం మేత బాగా తింటోంది. కళ్ళు మెరుస్తున్నాయి. దానికి జబ్బుందని చెప్పిన మీ యంత్రాన్ని ఒకసారి ఎవరికైనా చూపించు.

సంఘానికి నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను. ఇక వెంట్రుకలు పంపను.

అత్తయ్య


మా ఇల్లు, వంటగది బల్ల

అత్తా,

గాలి ముప్పై నాలుగు వెంట్రుకల్ని ఏరి, కుదుళ్ళు ఒకే వైపు పెట్టి, వరసగా టేపు కింద పడుకోబెట్టిందంటే అలాంటి గాలిని మా ల్యాబులో ఉద్యోగంలోకి తీసుకుంటాం. నిన్ను దొంగ అనలేదు. భయపడ్డావని అంటున్నాను. భయపడటం తప్పు కాదు.

మూడు మంచి పిల్లలు పుట్టాయి కదా అన్నావు. దాని గురించి ఆలోచించి, మధ్యాహ్నం తిండి తినే టైములో ఖాళీ డబ్బాలో నాలుగు చీట్లు వేశాను. ఒకదాని మీద గుండు సున్నా గీశాను. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి పిల్లకీ ఆ డబ్బాలోంచి ఒక చీటీ తీసినట్టే. చూసి, మళ్ళీ డబ్బాలోనే వేసేయాలి. మొదటిసారే నాకు గుండు సున్నా వచ్చింది. ఆ తర్వాత వరసగా మూడుసార్లు ఖాళీ చీటీలు వచ్చాయి. అచ్చం నీ కొట్టంలో జరిగినట్టే. మూడుసార్లు ఖాళీ వచ్చిందని సున్నా చీటీ డబ్బాలోంచి మాయమైపోలేదు. అది ఇంకా అందులోనే ఉంది.

ఇంకొకటి రాయాలి. రాయకూడదని చాలాసార్లు అనుకున్నాను.

మా ఇంట్లో పిండి డబ్బా మూత నాన్న తీయందే ఎవరూ తీయకూడదు. ఆయన మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు. తర్వాతే అమ్మ చేతికిస్తాడు. కొత్త సంచి వస్తే అదీ అంతే. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఆయన్ని వెక్కిరించేదాన్ని. ఈమధ్యే అర్థమైంది. ఆయన పిండిలో బూజు వెతుకుతున్నాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ వెతుకుతున్నాడు. నువ్వు ఆయన్ని అన్యాయంగా అన్నావని ఆయన అనుకోవడం లేదు అత్తా. నువ్వు అన్నది నిజమనే నమ్మాడు. తన చేతులతోనే ఆ పిల్లని చంపుకున్నాననుకుంటున్నాడు. పార్కులో పొట్టి గుర్రం బండి కనిపిస్తే అవతలి వైపుకి దాటేస్తాడు.

నేను ఈ ఉద్యోగంలో చేరింది అందుకేనా అని నువ్వు అడగొచ్చు. అందుకే కాదు. కానీ కొంచెం అందుకే.

కవరు లోపల ఖాళీ ఫారం, టేపు ముక్క పెట్టాను.

పిచ్చుక


కొట్టం పక్క గది,
బొత్తాంకి ఏడో నెల

పిచ్చుకా,

రెండు నెలలు రాయలేదు. కోపంతో కాదు. మొదటి వారం కోపమే, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత మా పిండి డబ్బా మూత తీసినప్పుడల్లా మీ నాన్న కళ్ళ ముందుకొచ్చాడు. చిన్నప్పుడు వాడు వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకున్నది ఒక్క గుర్రప్పిల్ల తల మాత్రమే. కొత్తగా పుట్టిన పిల్ల తల వాసన చూసి ఇది మనదే అక్కా అనేవాడు, మనది కాక ఇంకెవరిదో అయినట్టు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ నాన్నకీ తెలియదు. డాక్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పిల్ల తొమ్మిది రోజులు బతికింది. నుదురు ఉబ్బి, కింది దవడ ముందుకొచ్చి, ముందు కాళ్ళు లోపలికి తిరిగి ఉన్నాయి. ఊపిరి తీసుకుంటుంటే పక్క గదిలోకి వినపడేది. అది పోయిన రోజు నేను అందరి ముందూ మీ నాన్న మీద విరుచుకుపడ్డాను. "నీ చేతులతో నువ్వే చంపావు" అన్నాను. బొత్తాం చూడితో ఉండగా గడ్డి మోపొకటి తడిసిందని వాడికి తెలుసు, ఎండబెట్టి వేశాననీ చెప్పాడు. తల వంచుకుని నిలబడ్డాడు.

నెలరోజుల తర్వాత పశువుల డాక్టరు వచ్చాడు. మిగతా గుర్రాలన్నీ అదే గడ్డి తిన్నాయి కదమ్మా, వాటికేమీ కాలేదే అన్నాడు. "గడ్డి మీద పెట్టకండి. ఇలాంటిది రక్తంలో వస్తుందని చదివాను. దొర వైపు ఒకసారి చూసుకోండి" అన్నాడు. నేను వినపడనట్టు బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

విన్నానే పిచ్చుకా. స్పష్టంగా విన్నాను. దొరని నేను సీసాతో పాలుపట్టి పెంచాను. వాడి రక్తంలో తప్పుందంటే నా పెంపకంలోనే తప్పున్నట్టు అనిపించింది. తమ్ముడిని వెనక్కి పిలవాలంటే నా తప్పు నలుగురిలో ఒప్పుకోవాలి. ఇవాళ, రేపు అనుకుంటూ ఎనిమిదేళ్ళు దాటేశాను. సంఘం కాగితం వచ్చినప్పుడు డాక్టరు మాటే గుర్తొచ్చింది. అప్పుడే బొత్తాం దగ్గరికి వెళ్ళాను.

ఇందులో ఉన్నవి దొరవి. నమ్మకం లేకపోతే ఆడా మగా చూసుకో.

అత్తయ్య


ల్యాబు, రెండో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అత్తా,

మగదే. చూశాను.

దొర కూడా క్యారియరే.

అంటే గడ్డి వల్ల కాదు. ఆ పిల్ల కడుపులో పడిన రోజే దాని కాళ్ళు నిర్ణయమైపోయాయి. నాన్న ఆ మోపుని వేసినా, కాల్చేసినా, అది అలాగే పుట్టేది. ఈ వాక్యం రాసి, పెన్ను కింద పెట్టి, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చొచ్చాను. మేడం చూసి జలుబా అంది. అవునన్నాను.

ఇప్పుడు బొత్తాం కడుపులో ఉన్నదాని సంగతి. నాలుగు చీటీల్లో ఒకటి గుండు సున్నా. మూడు కావు. నీ భయాన్ని తగ్గించడానికి లెక్క మార్చి చెప్పలేను, పెంచడానికీ మార్చను. డాక్టరుని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పు. అప్పుడు ఆయన మాట విననట్టు వెళ్ళావు, ఈసారి కూర్చుని విను.

సంఘం నిబంధన నువ్వు పూర్తిగా చదివావా? నేను చదివాను. కాగితం ఉండాలన్నారు, క్యారియర్ ఉండకూడదని ఎక్కడా అనలేదు. క్యారియర్ అని రిజిస్టరులో రాసి, పరీక్షలో మంచివని తేలిన ఆడ గుర్రాలతో మాత్రమే జతకట్టించమన్నారు. అలా చేస్తే ఒక్క పిల్లా వంకరగా పుట్టదు. దొర ఎక్కడికీ పోనక్కరలేదు. నువ్వు పంపిన దొంగ శాంపిల్ అసలు అవసరమే లేదు. తెలుసుకోవడం వల్ల నీకు పోయేది ఏమీ లేదు అత్తా. తెలుసుకోకుండా ఉన్నందుకే ఇంత పోయింది.

మిగతా ఆడ గుర్రాలవి కూడా పంపు. ఆ మూడు పిల్లల్ని కొనుక్కున్న వాళ్ళకీ చెప్పాలి.

నాన్నకి నేను చెప్పను. రిపోర్టు నా బల్ల మీద ఉంది, ఇంటికి వెళ్తే ఆయన నా ఎదురుగా ఉంటాడు, అయినా చెప్పను. ఆ రోజు మాట అన్నది నువ్వు. ఈ మాట కూడా నువ్వే అనాలి. మరీ ఎక్కువ రోజులు ఆగకు, నేను అన్నం తినలేకపోతున్నాను.

పిచ్చుక


కొట్టం పక్క గది,
బొత్తాంకి తొమ్మిదో నెల

తమ్ముడూ,

బాగున్నావా అని మొదలుపెట్టాను, కొట్టేశాను. ఎనిమిదేళ్ళు అడగని దాన్ని ఇప్పుడు అడిగితే నీకు ఒళ్ళు మండుతుంది. ఇంతకు ముందు రాసిన అయిదు ఉత్తరాల్లో నాలుగు చింపేశాను. ఒకదాన్ని దొర తినేశాడు. ఇది పోస్టులో వేసి వచ్చాకే అన్నం తింటాను.

దీంతోపాటు రెండు కాగితాలున్నాయి. ఒకటి బొత్తాంది, ఒకటి దొరది. కింద సంతకం నీ కూతురిది. వాటి అర్థం అదే నీకు వివరంగా చెబుతుంది. నేను చెప్పాల్సింది ఒక్కటే. ఆ పిల్ల గడ్డి వల్ల పోలేదు. నీ వల్ల పోలేదు. దొర రక్తంలోనూ బొత్తాం రక్తంలోనూ ఉన్న తేడా వల్ల అలా పుట్టింది. ఆ రెంటినీ జతకట్టించింది నేను.

ఇంకొకటి కూడా ఉంది, ఇది చదివాక నువ్వు నా మొహం చూడకపోయినా నాకు అడిగే హక్కు లేదు. డాక్టరు నెలరోజులకే నాకు ఈ మాట చెప్పాడు. విని దాచిపెట్టాను. నిన్ను నిందలో అలాగే వదిలేశాను.

అప్పుడు ఆ పెద్ద మాట కొట్టంలో, అందరి ముందూ అన్నాను. అందుకని ఈ మాట కూడా కొట్టంలో అందరి ముందూ చెప్పాను. డాక్టరు, సంఘం కార్యదర్శి, మేత బండి అతను, నీళ్ళ తొట్టి కడిగే అమ్మాయి ఉన్నారు. మా తమ్ముడి తప్పు లేదు, తప్పు నాది అని చెప్పాను. కార్యదర్శి ఇబ్బందిగా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పిల్లల్ని కొనుక్కున్న ముగ్గురికీ ఫోను చేశాను. ఒకావిడ తిట్టింది. తిట్టనిచ్చాను. మిగతా ఆరు ఆడ గుర్రాల్లో అయిదు మంచివని నిన్ననే రిపోర్టు వచ్చింది.

బొత్తాం మళ్ళీ చూడితో ఉంది. నాలుగింట ఒక వంతు భయం. నువ్వు లేకుండా దాన్ని ఎదుర్కోవడం నాకు చేతకావడం లేదు. రమ్మని అడగడానికి మొహం చెల్లక ఇక్కడితో ఆపుతున్నా.

అక్క


తాళాల షాపు, వెనక గది

అత్తా,

ఇది నాన్న షాపులోంచి రాస్తున్నా. ఆయన ముందు వైపు ఎవరికో తాళంచెవి అరగదీస్తున్నాడు. ఆ చప్పుడులో నేను ఏం చేస్తున్నానో ఆయనకి తెలియదు.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నిలబడే చదివాడు. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, గిరాకీ తాళం బాగుచేసి ఇచ్చాడు. సాయంత్రం ఇంటికొచ్చాక కాగితాలు రెండూ బల్ల మీద పరిచి, "ఇది చదువు" అన్నాడు. చదివాను. "మామూలు మాటల్లో చెప్పు" అన్నాడు. చీట్లు, డబ్బా తెచ్చాను. ఆయన చీటీ తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. ఎన్నిసార్లు తీశాడో నాకు లెక్క తప్పింది. సున్నా వచ్చినప్పుడల్లా ఆ చీటీని కాసేపు అరచేతిలో ఉంచుకునేవాడు.

"అయితే గడ్డి కాదంటావు" అన్నాడు.

"బూజుపట్టిన గడ్డి మంచిది కాదు నాన్నా. కానీ ఆ కాళ్ళు దాని పని కాదు."

"ఎండలో రెండు రోజులు ఆరబెట్టాను దాన్ని. రెండు పూర్తి రోజులు" అన్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ మాట మొదటిసారి చెప్పుకున్నాడు. ఆయన మొహం తుడుచుకుని, నీ మీద కోపంగా, "డాక్టరు చెప్పినా దాచిందా!" అన్నాడు. చాలా గట్టిగా అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నీ మీద కోపం తెచ్చుకునే అర్హత తనకి లేదని ఎనిమిదేళ్ళు అనుకున్నాడు మరి.

నాలుగు రోజులు ఆ కాగితాలు జేబులోనే పెట్టుకుని తిరిగాడు. ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటూ మధ్యలో ఆపి, నురుగు నోటితో, "బొత్తాంకి ఎన్నో నెల?" అని అడిగాడు.

ఇక నువ్వే అర్థం చేసుకో. అటక మీది పాత కొట్టం బూట్లు కూడా దిగాయి.

పిచ్చుక


కొట్టం పక్క గది,
బొత్తాం ఈనిన మూడో రోజు

పిచ్చుకా,

మీ నాన్న వచ్చి పన్నెండు రోజులైంది. బండి దిగి కొట్టం తలుపు దాకా వచ్చి ఆగాడు. నేను లోపల ఉన్నాను. వాడు తలుపు గడియ పట్టుకుని ఊపి చూసి, "ఎవరు బిగించారు దీన్ని? చిన్న పిల్ల తోసినా ఊడిపోతుంది" అన్నాడు. "నేనే బిగించాను" అన్నాను. "తెలుస్తూనే ఉంది" అన్నాడు. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. నేను స్క్రూలు అందించాను. గడియ సగం బిగిశాక నాకు ఏడుపు ఆగలేదు. వాడు పని ఆపకుండానే, "ఇంకో స్క్రూ ఇవ్వక్కా" అన్నాడు. సాయంత్రం మాత్రం నన్ను కూర్చోబెట్టి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. దాచినందుకు అన్నీ అడిగాడు. అన్నిటికీ అవునని జవాబు చెప్పాను. ఇంకా పూర్తిగా పోలేదు వాడి కోపం. పోకపోయినా పక్కనే ఉండి కోప్పడుతున్నాడు, అది చాలు.

గుర్రాలు ఎవరూ చూడనప్పుడు ఈనుతాయంటారు. బొత్తాంకి ఆ సిగ్గులేదు. పట్టపగలు పదకొండింటికి, డాక్టరు, నేను, మీ నాన్న, నీళ్ళ తొట్టి అమ్మాయి అందరం చూస్తుండగా ఈనింది. ముందు రెండు డెక్కలు కనిపించాయి. మీ నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ గుర్తు ఉంది. తర్వాత ముక్కు వచ్చింది. తర్వాత తల వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"అక్కా, చూడు" అన్నాడు.

చూశాను. నున్నటి నుదురు. డాక్టరు వేలు పెట్టి చిగుళ్ళు చూశాడు, పైదీ కిందిదీ కలుస్తున్నాయి. కాళ్ళు తడుముతూ పోయాడు, నిటారుగా ఉన్నాయి. ఊపిరి చప్పుడు వినపడలేదు. వినపడకపోవడం ఇంత బాగుంటుందని నాకు తెలియదు. నలభై నిమిషాలకి లేచి నిలబడింది, పడింది, మళ్ళీ లేచింది. మీ నాన్న మోకాళ్ళ మీద కూర్చుని దాని తల వాసన చూశాడు. ఏమన్నాడో నీకు చెప్పక్కరలేదు.

ఆడపిల్ల. నల్లది. మీ నాన్న వచ్చి తలుపు గడియ బిగించాకే పుట్టింది కాబట్టి తాళంకప్ప అని పిలుస్తున్నాం. డాక్టరు బాగుందన్నాడు, కానీ కొన్ని వంకర్లు నెలల తర్వాత గానీ బయటపడవట. అందుకే నాకు నీ కాగితం కావాలి. ముప్పై వెంట్రుకలూ మీ నాన్నే పీకాడు, ఒక్కొక్కటీ పీకుతూ దానికి సారీ చెప్పాడు. ఫారం మీద చేతిరాత వాడిదే. ఇక ఎవరి వెంట్రుకలో చూసుకోవాల్సిన పని నీకు లేదు.

అత్తయ్య


ల్యాబు, రెండో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అత్తా, నాన్నా,

ఇది ఇద్దరూ కలిసి చదవండి. నాన్న కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళాడు కాబట్టి అత్తే చదవాలి.

ఆడపిల్లే. (అయినా చూశాను. అలవాటు.)

జంటలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. తాళంకప్ప వాళ్ళ అమ్మా నాన్నల్లాగే క్యారియర్. అంటే దాని కాళ్ళు వంకరపోవు, దవడ ముందుకి రాదు, ఊపిరి ఆడుతుంది, ముప్పై ఏళ్ళు మిమ్మల్ని సతాయిస్తుంది. పెద్దయ్యాక జతకట్టించేటప్పుడు మంచి కాగితం ఉన్నవాడినే చూడాలి. రిజిస్టరులో ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో రాయండి, దాచకుండా, ఎవరైనా తెరిస్తే ముందు అదే కనపడేలా.

మేడంకి చివరికి అసలు సంగతి మొత్తం చెప్పాను, ఎవరు ఎవరి జూలు పీకారో సహా. చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, "మీ అత్తయ్య శాంపిల్ మాత్రం భలే అతికించిందమ్మా" అంది.

నాన్న ఎప్పుడొస్తాడని అమ్మ అడుగుతోంది. షాపు ముందు జనం నిలబడుతున్నారట.

పిచ్చుక


కొట్టం

చిట్టితల్లీ,

ఉత్తరాలు రాయడం నాకు రాదు, నీకు తెలుసు. కాగితం అక్క చదివింది. రెండుసార్లు చదివింది. రెండోసారి మధ్యలో కాగితం నా చేతిలో పెట్టేసింది, నేను పూర్తి చేశాను, కళ్ళజోడు లేకుండానే.

వచ్చే వారం వస్తానని అమ్మకి చెప్పు. ఇక నెలకి ఒక వారం ఇక్కడ ఉంటాను, గడియలన్నీ వదులుగా ఉన్నాయి.

ఇవాళ పొద్దున గడ్డి నేనే వేశాను. మోపు విప్పి, వాసన చూడకుండా, అలాగే బొత్తాం ముందు వేశాను. చేతులు దులుపుకుని గుమ్మం దాకా వెళ్ళాను. ఉండబట్టలేక వెనక్కొచ్చి ఒక గుప్పెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మంచి గడ్డి. కమ్మని వాసన. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను, తాళంకప్ప వచ్చి నా చేతిలోంచి లాక్కుపోయింది.

నాన్న